అమెరికా అధ్యక్షుడికి ఏ అధికారినైనా తీసేసే హక్కు ఉండాలా?

కృష్ణాతీరం (డిసెంబర్ 2025)

ఈ నెల 8న అమెరికా సుప్రీంకోర్టు ట్రంప్ వర్సెస్ స్లాటర్ కేసులో వాదనలు విన్నది. కంపెనీల గుత్తాధిపత్యాన్ని, వినియోగదారులను మోసం చేయడాన్ని అడ్డుకునే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లో రెబెకా స్లాటర్ కమిషనర్‌గా ఉండేవారు. మార్చిలో ఆమెనూ ఆల్వారో బెడోయానూ ట్రంప్ పదవుల్లోంచి తీసేశారు. ఫలానా తప్పు చేశారని చెప్పలేదు. తన ప్రభుత్వ ప్రాధాన్యాలకు వాళ్ళు సరిపడరన్నారు. చట్టం ప్రకారమైతే అసమర్థత, విధుల్లో నిర్లక్ష్యం, పదవీ దుర్వినియోగం ఉంటేనే కమిషనర్‌ని తొలగించాలి.

మన గ్రూపుల్లో అందరూ ట్రంప్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్లు (అధ్యక్షుడు నేరుగా ఇచ్చే ఉత్తర్వులు) ఎన్ని ఇచ్చారో లెక్కపెడుతున్నారు. 1930లు, 40లలో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 3,700కు పైగా ఇచ్చారు, కాబట్టి లెక్కతో తేలేదేమీ లేదు. నా దృష్టిలో అసలు మార్పు ఈ తొలగింపుల్లో ఉంది. మీరేమంటారు?

సూటిమాట

కృష్ణాతీరం గారూ, నేను ట్రంప్ అభిమానిని కాను. కానీ ఈ విషయంలో ఆయన వైపు వాదన బలమైనదే. రాజ్యాంగం రెండో అధికరణం మొదటి వాక్యమే కార్యనిర్వాహక అధికారం అధ్యక్షుడికి చెందుతుందని చెప్తుంది. కంపెనీల విలీనాలను అడ్డుకోవడం, వాటిమీద కేసులు వేయడం కార్యనిర్వహణ కాక మరేమిటి? ఆ కమిషనర్లకు ఎవరు ఓటు వేశారు? పదవీకాలం ఏడేళ్ళు. పాత ప్రభుత్వం పెట్టినవాళ్ళు కొత్త ప్రభుత్వానికి అడ్డం పడితే, జనం నాలుగేళ్ళ తర్వాత ఎవరిని నిలదీయాలి?

ఇదేమీ నిన్న పుట్టిన వాదన కాదు. 1926లో మైయర్స్ కేసులో ఒక పోస్ట్‌మాస్టర్ తొలగింపును సమర్థిస్తూ తీర్పు రాసింది మాజీ అధ్యక్షుడు, అప్పటి ప్రధాన న్యాయమూర్తి టాఫ్ట్. 1988లో ఇంకో కేసులో మిగతా న్యాయమూర్తులతో విభేదించి జస్టిస్ స్కాలియా ఒక్కరే నిలబడి ఇదే మాట రాశారు. 2020లో వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ డైరెక్టర్ తొలగింపుపై వచ్చిన సీలా లా కేసులో కోర్టు చాలావరకు అటే వచ్చింది.

పద్మ_ఒహాయో

ఓటు మాట ఎత్తారు కనుక అడుగుతున్నా సూటిమాట గారూ, ట్రేడ్ కమిషన్ చట్టాన్ని చేసిన కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటుకు) ఓటు వేసింది ఎవరు? జనమే కదా. ఐదుగురు కమిషనర్లు ఉండాలి, ఒకే పార్టీ వాళ్ళు ముగ్గురికి మించకూడదు అని రాసింది ఎన్నికైనవాళ్ళే. ఆ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఒక అధ్యక్షుడే.

పైగా ఇది ఒకసారి తేలిపోయిన విషయం. 1933లో రూజ్‌వెల్ట్ ఇదే కమిషన్‌లో విలియం హంఫ్రీ అనే రిపబ్లికన్‌ని తీసేశారు. తమ ఇద్దరి ఆలోచనలూ కలవడం లేదన్నదే ఆయన చెప్పిన కారణం. హంఫ్రీ కొన్ని నెలలకే చనిపోయారు. ఆగిపోయిన జీతం కోసం ఆయన ఎస్టేట్ (చనిపోయాక మిగిలిన ఆస్తి) తరఫున కేసు నడిచింది. 1935లో కోర్టు ఏకగ్రీవంగా రూజ్‌వెల్ట్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అప్పుడు డెమోక్రాట్ అధ్యక్షుడి చెయ్యి పట్టుకు ఆపిన తీర్పే ఇప్పుడు ట్రంప్‌కు అడ్డంగా ఉంది. అందుకే దీన్ని పార్టీల గొడవగా చూడలేను.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. ఫిబ్రవరి 18న వచ్చిన ఆర్డర్ ప్రకారం స్వతంత్ర సంస్థలు కూడా ముఖ్యమైన నిబంధనలన్నీ ముందుగా వైట్‌హౌస్ పరిశీలనకు పంపాలి. చట్టానికి అర్థం ఏమిటో అధ్యక్షుడు, అటార్నీ జనరల్ చెప్పిందే ఉద్యోగులందరికీ ఆఖరి మాట. దీనికి తొలగించే అధికారం కూడా తోడైతే ఏమవుతుందో చూడండి. చట్టం అక్షరం మారదు, దాన్ని అమలు చేసే మనిషి మాత్రం ఒకే ఒక్కరి చెప్పుచేతల్లో ఉంటాడు. రేపు ఒక పెద్ద కంపెనీ అధ్యక్షుడికి సన్నిహితమైతే దాని మీద కేసు వేసే ధైర్యం ఏ కమిషనర్‌కి ఉంటుంది?

ఎడిసన్_వాసి

మీరంతా సంస్థల గురించి మాట్లాడుతున్నారు. మనవాళ్ళకి తగిలింది మాత్రం నేరుగా వచ్చిన ఉత్తర్వులే. సెప్టెంబర్ 19, శుక్రవారం నాడు హెచ్1బీకి లక్ష డాలర్లన్నారు. ఆదివారం నుంచే అమలు. హైదరాబాద్ వచ్చినవాళ్ళు, రావడానికి టికెట్లు కొనుక్కున్నవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో అందరికీ తెలుసు. కొత్త దరఖాస్తులకే అని శనివారం గానీ చెప్పలేదు. జనవరి 20 నాటి పౌరసత్వం ఆర్డరూ అంతే. హెచ్1బీ తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన పిల్లలు పౌరులు కారంటుంది. కోర్టులు ఆపాయి కాబట్టి సరిపోయింది.

సూటిమాట

ఎడిసన్ గారూ, ఆ శుక్రవారం జరిగింది ఘోరమే. కానీ లక్ష డాలర్ల ప్రకటన దేని ఆధారంగా వచ్చింది? విదేశీయుల రాకను ఆపే అధికారాన్ని 1952 వలస చట్టంలో కాంగ్రెసే అధ్యక్షుడి చేతికిచ్చింది. ప్రతిసారీ అధికారం ధారపోసేది కాంగ్రెస్, తిట్లు తినేది అధ్యక్షుడు. అక్కడ చట్టం మార్చమని అడగాలి.

పద్మ_ఒహాయో

కాంగ్రెస్ తప్పు ఉందన్న మాట ఒప్పుకుంటాను. అయితే ఆర్డర్‌ని కోర్టులో పట్టుకోవడానికి ఏదో ఒక పిడి దొరుకుతుంది. 1952 ఏప్రిల్‌లో కొరియా యుద్ధం పేరు చెప్పి అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను స్వాధీనం చేసుకుంటే, జూన్ 2కల్లా కోర్టు 6-3తో కొట్టేసింది. ఆయన వెంటనే తిరిగి ఇచ్చేశారు. పౌరసత్వం ఆర్డర్‌కి కూడా ఎదురుగా ఒక పిటిషనర్ ఉన్నాడు, ఒక జడ్జి ఉన్నాడు. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో ఒక కమిషనర్ వేయకుండా వదిలేసిన కేసుకు పిటిషనర్ ఎవరండీ? అది ఎవరి కంటా పడదు. నాకు ఆర్డర్ల కన్నా దీని గురించే బెంగ.

కృష్ణాతీరం

సూటిమాట గారికి ఒక ప్రశ్న. మీ సూత్రం సరైనదైతే ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు, ఫెడ్) గవర్నర్లను కూడా తీసేయవచ్చు కదా? ఆగస్టులో ఫెడ్ గవర్నర్ లీసా కుక్‌ని తీసేస్తున్నట్టు ట్రంప్ ప్రకటించారు. ఇంటి రుణం కాగితాల మీద ఆరోపణలు చూపించారు, ఆమె కాదన్నారు. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ప్రస్తుతానికి ఆమెను పదవిలోనే ఉండనిచ్చింది. వడ్డీ రేట్లు ఎన్నికల ముందు తగ్గించాలని ఏ అధ్యక్షుడికి ఉండదు?

సూటిమాట

ఫెడ్ వేరండీ. మే 22న కార్మిక సంబంధాల బోర్డు సభ్యురాలు విల్‌కాక్స్ తొలగింపు కేసు ఉత్తర్వులో కోర్టే ఆ మాట అంది. అది సగం ప్రైవేటు స్వభావం ఉన్న ప్రత్యేక సంస్థ, అమెరికా తొలినాళ్ళలోని మొదటి, రెండో జాతీయ బ్యాంకుల సంప్రదాయంలో వచ్చింది అని. డబ్బు విధానం (వడ్డీ రేట్లు వగైరా నిర్ణయించడం) ఒక్కదాన్నీ మినహాయిస్తే నా వాదనకు వచ్చిన నష్టం లేదు.

పద్మ_ఒహాయో

రెండో బ్యాంకు చార్టర్ 1836లోనే ముగిసింది. ఫెడ్ పుట్టింది 1913లో, ట్రేడ్ కమిషన్ 1914లో. రెండు చట్టాలూ కాంగ్రెస్ చేసినవే, రెండింటి మీదా సంతకం వుడ్రో విల్సన్‌దే. బ్యాంకులను తనిఖీ చేసి జరిమానా వేసే పని ఫెడ్ కూడా చేస్తుంది, అది డబ్బు విధానం కాదు. మార్కెట్లు కుదేలవుతాయనే దాన్ని వదిలిపెడుతున్నారని నేను అనుకుంటున్నాను. అధ్యక్షుడి ఒత్తిడి వడ్డీ రేటుకు ప్రమాదమని ఒప్పుకున్నాక, మందుల ధరలు పెంచే కంపెనీ మీద కేసు వేయాలా వద్దా అన్న నిర్ణయానికి ఎందుకు ప్రమాదం కాదో మీరు చెప్పాలి.