అప్‌డేట్: 37 శాతం ఆమ్లం మొలారిటీ, మొలాలిటీల లెక్క తేలింది

ద్రవ్యరాశి పరంగా 37 శాతం ఉన్న గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం మొలారిటీ (లీటరు ద్రావణంలో ఉన్న ద్రావితం, అంటే కరిగిన పదార్థం, మోల్‌ల సంఖ్య), మొలాలిటీ (కిలోగ్రాము ద్రావణికి, అంటే కరిగించుకునే ద్రవానికి, ఉన్న ద్రావితం మోల్‌ల సంఖ్య) ఎంతెంత అవుతాయని, ఒకే ద్రావణానికి ఆ రెండు విలువలు ఎందుకంత దూరంగా ఉంటాయని ఇంతకుముందు అడిగాను. ముందు సాంద్రత చూడమన్న సూచనతోనే ముడి వీడింది. జవాబిచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

ఆ ఆమ్లం సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.19 గ్రాములు కాబట్టి లీటరు ద్రావణం 1190 గ్రాములు తూగుతుంది. అందులో 37 శాతం, అంటే దాదాపు 440 గ్రాములు, హైడ్రోజన్ క్లోరైడ్. దీన్ని అణుభారం 36.46తో భాగిస్తే సుమారు 12.1 మోల్‌లు వస్తాయి, అదే మొలారిటీ. మొలాలిటీకి సాంద్రతతో పనే లేదు: 100 గ్రాముల ద్రావణంలో 37 గ్రాముల ద్రావితం, 63 గ్రాముల నీరు ఉంటాయి కనుక 1.015 మోల్‌లను 0.063 కిలోగ్రాములతో భాగిస్తే మొలాలిటీ 16.1 వస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది సరిచూసుకునే పద్ధతి. లీటరు ద్రావణం బరువులోంచి ఆమ్లాన్ని తీసేస్తే మిగిలే నీరు 750 గ్రాములే, 12.1ని 0.75తో భాగించినా మళ్లీ 16.1 దగ్గరికే చేరుతాం. మొలారిటీకి హారం మొత్తం ద్రావణం ఘనపరిమాణం, మొలాలిటీకి హారం ద్రావణి ద్రవ్యరాశి మాత్రమే అన్న తేడా ఇక్కడే కళ్లకు కడుతుంది.

ఉష్ణోగ్రత పెరిగితే ద్రావణం వ్యాకోచిస్తుంది కాబట్టి మొలారిటీ కొద్దిగా తగ్గుతుంది, మొలాలిటీ మారదు. అందుచేత సాంద్రతను ఏ ఉష్ణోగ్రత వద్ద కొలిచారో దాని పక్కనే రాసుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.