హార్స్‌లీ హిల్స్‌లో మూడు రాత్రులు ఒక్కదాన్నే ఉండాలి, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

నిద్ర_కావాలి
అందరికీ నమస్తే. మా నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. అప్పటినుంచీ నేనే చూసుకుంటున్నాను, ఒక్కో రాత్రి మూడుసార్లు లేవాలి. ఈ నెల మా తమ్ముడు నాన్నని వాళ్లింటికి తీసుకెళ్లాడు. నాకు తిరగాలని లేదు, వ్యూ పాయింట్లు చూడాలని లేదు. చల్లటి చోట మూడు రాత్రులు పడుకోవాలి, లేచి కాఫీ తాగాలి, మళ్లీ పడుకోవాలి. హార్స్‌లీ హిల్స్ అనుకుంటున్నాను, మంగళవారం నుంచి శుక్రవారం వరకు. హైదరాబాద్ నుంచి వస్తాను, కారు లేదు. ఏ వైపు గది తీసుకుంటే చప్పుడు ఉండదు? వేడినీళ్లు రోజంతా వస్తాయా? మదనపల్లె నుంచి పైకి బస్సులు ఎలా ఉంటాయి? శాకాహారం దొరుకుతుందా? వయసు 43.

గాలిబండ_అభిమాని
అక్కా, మంగళవారం అన్నారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. శనివారం మధ్యాహ్నం నుంచి బెంగళూరు బండ్లు వరసగా ఎక్కుతాయి, కారు డోర్లు తెరిచి పాటలు పెడతారు, ఆదివారం సాయంత్రం దాకా అదే గోల. మామూలు రోజుల్లో అయితే సాయంత్రం ఆరు దాటాక చెట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. పొద్దున్నే గాలిబండ మీద ఒక్క అరగంట కూర్చోండి. పేరుకు తగ్గట్టే ఉంటుంది, కప్పుకున్న శాలువా నిలవదు. కోతులు జాగ్రత్త. నా భార్య బాల్కనీలో ఆరేసిన స్వెట్టర్ పట్టుకుపోయి చెట్టు మీద కూర్చుంది ఒకటి, రెండు గంటలు కిందికి దిగలేదు. కిటికీ గడియ వేయకుండా బాత్రూమ్‌కి కూడా వెళ్లొద్దు.

ఒంటరి_బాటసారి
మేడమ్ ముందు ఫోన్ చేసి ఒక్కరికి గది ఇస్తారా అని అడగండి. ఎందుకు చెప్తున్నానంటే పోయిన ఏడాది నేను ఒక కొండ ఊరికి (ఇది కాదు, పేరు చెప్పను) ఆన్‌లైన్‌లో డబ్బు మొత్తం కట్టి వెళ్లాను. రాత్రి ఎనిమిదిన్నర, వాన. కౌంటర్‌లో అతను నా ఆధార్ తీసుకున్నాడు, మీతో ఎవరున్నారు అన్నాడు, ఎవరూ లేరు అన్నాను. కార్డు నా చేతిలో పెట్టేసి "సింగిల్‌కి ఇవ్వం సార్, ఫ్యామిలీకే" అన్నాడు. డబ్బులు వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ రాత్రి బస్టాండ్‌లో బెంచీ మీద పడుకున్నాను. నేను చేసిన తప్పేంటి, పెళ్లి కాకపోవడమా? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

లాడ్జి_ముప్పై_ఏళ్లు
ఒంటరి బాటసారి గారూ, మీ బాధ నిజమే, కానీ కౌంటర్ వెనక ఉన్నవాడి సంగతి కూడా వినండి. నేను 30 ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను, రెండు కొండ ఊళ్లలో, ఒక పుణ్యక్షేత్రంలో లాడ్జి నడిపాను. మీరెవరూ చూడనివి చూశాను. ఒంటరిగా వచ్చి, సామాను లేకుండా, రెండు రోజులు తలుపు తీయని మనిషి కోసం తాళం పగలగొట్టిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ తర్వాత పోలీసులు, పంచనామా, గదికి సీలు, స్టేషన్ చుట్టూ తిరగడం, పత్రికలో హోటల్ పేరు. ఆ గదిలోకి ఆర్నెల్లు పనివాళ్లు కూడా వెళ్లలేదు. అందుకే కొందరు యజమానులు ఒంటరిగా వస్తే వద్దంటారు. నేను మాత్రం ఎప్పుడూ కాదనలేదు. మనిషితో రెండు నిమిషాలు మాట్లాడితే నాకు తెలిసిపోతుంది.

మాధవి_మాటలు
తెలిసిపోతుందా? రెండు నిమిషాల్లో? మీలాంటి వాళ్లు ఆ రెండు నిమిషాల్లో నన్ను అడిగినవి ఇవి: భర్త ఎక్కడ, ఎందుకు రాలేదు, ఇంట్లో చెప్పే వచ్చారా, ఇంటి నంబర్ ఇవ్వండి. నాకు 38 ఏళ్లు, బ్యాంకులో ఆఫీసర్‌ని. ఆఖరికి గది ఇచ్చారు, కానీ రాత్రి పది గంటలకు "అంతా బాగానే ఉందా మేడమ్" అని తలుపు కొట్టారు, మళ్లీ పదకొండున్నరకు కొట్టారు. ఇక నిద్రేం పడుతుంది? నిద్ర కావాలి అని అడిగిన మనిషికి మీరు చెప్పాల్సింది శవాల కథలా?

లాడ్జి_ముప్పై_ఏళ్లు
నేను కథలు చెప్పలేదమ్మా, జరిగింది చెప్పాను. రాత్రి తలుపు కొట్టడం తప్పే, మా దగ్గర అలా చేస్తే పనిలోంచి తీసేసేవాణ్ని.

వైజాగ్_రైల్‌వాలా
హార్స్‌లీ ఎందుకండీ, అరకు వెళ్లండి. విశ్రాంతి అంటే రైలెక్కినప్పుడే మొదలవ్వాలి. పొద్దున్నే విశాఖలో కిరండోల్ పాసింజర్ ఎక్కితే కొత్తవలస దాటాక కాసేపటికి కొండలు మొదలవుతాయి, ఇక సొరంగం తర్వాత సొరంగం. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకు దించడానికి జపాన్ సాయంతో 1960లలో వేసిన లైన్ అది. 2017లో అద్దాల పెట్టె కూడా పెట్టారు, విస్టాడోమ్. నేను ఆ లైన్‌లో నలభై సార్లకు పైగా వెళ్లాను. ప్రపంచంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ శిమిలిగూడ ఆ దారిలోనే ఉంది, 996 మీటర్లు.

పట్టాల_పక్క_ఇల్లు
ఒకప్పుడు భారతదేశంలో ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అనేవారు, అదీ పాత మాట. కాశ్మీర్ లోయలో లైన్ వేశాక అక్కడి స్టేషన్లన్నీ దీనికంటే చాలా ఎత్తులో ఉన్నాయి. నలభై సార్లు వెళ్లినాయన ఆ సంగతి కూడా తెలుసుకోవాలి.

వైజాగ్_రైల్‌వాలా
బోర్డు మీద రాసిందే చెప్పాను. బోర్డు అబద్ధమా?

పట్టాల_పక్క_ఇల్లు
బోర్డు పెట్టిననాడు నిజం. ఇప్పుడు కాదు. ఇందులో కోపం దేనికండీ.

వికారాబాద్_బైకర్
హైదరాబాద్ నుంచి అయితే అంత దూరం దేనికి, అనంతగిరి వెళ్లండి. 80 కిలోమీటర్ల లోపే. మూసీ పుట్టిన చోటు, అనంతపద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకు అక్కడుంటారు.

కాఫీ_తోట
అనంతగిరిలో నేను రెండుసార్లు ఉన్నాను, కాఫీ తోటల మధ్య, పొద్దున లేస్తే గది ముందు మంచు తప్ప ఏమీ కనపడదు. కానీ హైదరాబాద్ నుంచి 80 కిలోమీటర్లు ఎలా అవుతుంది? రాత్రంతా రైలు, ఆపైన ఘాట్ రోడ్డు.

వికారాబాద్_బైకర్
మీరు చెప్పేది అరకు దారిలోని అనంతగిరి అన్నా. నాది వికారాబాద్ అనంతగిరి. పేరొక్కటే. ఇక్కడ కాఫీ తోటలు లేవు, అంత చలీ ఉండదు, కానీ దగ్గర.

నిద్ర_కావాలి
అందరికీ థాంక్స్. కానీ నా ప్రశ్నలకు ఎవరూ జవాబు చెప్పలేదు. గది ఏ వైపు, వేడినీళ్లు, బస్సు. దయచేసి.

లాడ్జి_ముప్పై_ఏళ్లు
నేను చెప్తానమ్మా. గది: వంటింటి మీద వద్దు, తెల్లవారుజామున నాలుగున్నరకే గిన్నెల చప్పుడు మొదలవుతుంది. పార్కింగ్ వైపు వద్దు. జనరేటర్ ఎక్కడుందో అడిగి దానికి దూరంగా తీసుకోండి, కొండ మీద గాలివాన వస్తే కరెంటు పోతుంది, అది మోగుతుంది. పై అంతస్తులో వరండా చివరి గది అడగండి, దాని ముందు ఎవరూ నడవరు. వేడినీళ్లు చాలా చోట్ల పొద్దున మూడు గంటలే ఇస్తారు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని అడిగి అప్పుడే గది తీసుకోండి. సాయంత్రం స్నానం అలవాటుంటే గదిలోనే గీజర్ ఉందా అని అడగాలి, "హాట్ వాటర్ ఉంది" అంటే సరిపోదు. ఇంకొకటి, బిల్లు చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతమే, పాత 12 వేస్తే అడగండి.

మాధవి_మాటలు
ఇది ముందే చెప్పి ఉంటే సరిపోయేది. పనికొచ్చే మాట. కానీ ఒక్కరికి గది ఇవ్వకపోవడం గురించి నా మాట మారదు. భయపడాల్సింది ఒంటరి మనిషిని చూసి కాదు. మీరు చెప్పిన ఆ మనిషి రెండు రోజులు తలుపు తీయలేదన్నారు. రెండో రోజు పొద్దున ఎవరైనా టీ కావాలా అని అడిగారా?

లాడ్జి_ముప్పై_ఏళ్లు
అడగలేదు. అదే ఈ రోజుకీ నన్ను పీడిస్తోంది. ఆ తర్వాత నా లాడ్జిలో పొద్దున తొమ్మిదికి ప్రతి గదికీ టీ పంపడం మొదలుపెట్టాను, డబ్బు తీసుకోకుండా.

ఒంటరి_బాటసారి
సార్, ఆ టీ ఇచ్చేవాళ్లుంటే నేను బెంచీ మీద పడుకునేవాణ్ని కాదు. మీ మీద కోపం లేదు. కానీ పోలీసుల భయమంటూ మీరు మాట్లాడుతుంటే, నన్ను గేటు బయట నిలబెట్టినవాడిది కూడా న్యాయమే అన్నట్టు వినిపిస్తోంది. అదే నాకు నచ్చలేదు.

స్పష్టంగా_చెప్తా
పెళ్లి చేసుకుంటే ఈ గొడవే ఉండదు కదా అందరికీ.

మాధవి_మాటలు
మీకు ఇక్కడ ఏం పని?

చర్చ_పర్యవేక్షకులు
పై రెండు మాటల తర్వాత వచ్చిన ఏడు జవాబులు తీసేశాం. వ్యక్తిగత విషయాల జోలికి వెళ్లొద్దు. అడిగినావిడకు సాయం చేయండి.

సీటీఎం_కుర్రాడు
అక్కా, మాది మదనపల్లె. రైలు ఎక్కితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. ధర్మవరం–పాకాల లైన్‌లో "మదనపల్లె రోడ్" అని స్టేషన్ వస్తుంది, అది ఊరు కాదు, సీటీఎం అనే పల్లె దగ్గర. అర్ధరాత్రి దిగితే టౌన్‌కి ఆటోవాడు ఎంతంటే అంత. రాత్రి బస్సే మేలు, తెల్లారేసరికి మదనపల్లె బస్టాండ్‌లో దించుతుంది. అక్కడినుంచి కొండ మీదికి ఆర్టీసీ బస్సుంది, కానీ గంటకొకటి అనుకోవద్దు, దిగగానే ఎంక్వైరీలో తర్వాతిది ఎప్పుడో అడగండి. తప్పిపోతే బి.కొత్తకోట వైపు బస్సెక్కి అంగళ్లు దాటాక కొండ కింద దిగి జీపు కోసం చూడాలి, ఒంటరిగా అయితే ఆ పని వద్దు. మదనపల్లెలోనే టాక్సీ మాట్లాడుకోండి, సుమారు 30 కిలోమీటర్లు. మాత్రలు, సబ్బు, బిస్కెట్లు ఊళ్లోనే కొనుక్కోండి. అమ్మకు చెప్తే టమాటా పచ్చడి సీసా ఒకటి పంపమంటోంది, బస్టాండ్‌లో ఇస్తాను. మా ఊరంటే టమాటా మార్కెట్ అనే అందరికీ తెలుసు, కానీ 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లిష్‌లోకి రాసింది మా బీసెంట్ కాలేజీలోనే, ఆ మాట ఎవరూ చెప్పరు.

విశ్రాంత_తెలుగు_మాస్టారు
బాబూ, బాగా గుర్తుచేశావు. ఆ కొండ అసలు పేరు కూడా ఎవరూ చెప్పరు. ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, ఆమె కొండ మీద జబ్బుపడ్డవాళ్లకు సేవచేసేదని, ఒకనాడు కనపడకుండా పోయిందని మా అమ్మమ్మ చెప్పేది. 1870 ప్రాంతంలో హార్స్‌లీ అనే కలెక్టరు అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, అప్పటినుంచీ పేరు మారిపోయింది. నేను 1974లో మొదటిసారి వెళ్లాను, నడిచి. 1,265 మీటర్ల ఎత్తు. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. కల్యాణి అని పేరు పెట్టిన పెద్ద నీలగిరి చెట్టు దగ్గర మాత్రం కాసేపు కూర్చో అమ్మా. మీ నాన్నగారికి నయం కావాలి.

వైజాగ్_రైల్‌వాలా
ఎత్తు సంగతి వచ్చింది కాబట్టి, శిమిలిగూడ 996, ఇది 1,265. సరే, హార్స్‌లీయే ఎత్తు. ఒప్పుకుంటున్నాను. కానీ రైలు లేదు కదా.

గాలిబండ_అభిమాని
శాకాహారం గురించి మర్చిపోయాం. దొరుకుతుంది అక్కా, మామూలు రోజుల్లో రకాలు తక్కువ, రాత్రి తొమ్మిదికల్లా వంటిల్లు మూసేస్తారు, ముందే చెప్పి ఉంచండి.

నిద్ర_కావాలి
వెళ్లొచ్చాను. నిన్న సాయంత్రం ఇంటికి చేరాను. లాడ్జి గారూ, మీరు చెప్పినట్టే పై అంతస్తులో చివరి గది అడిగాను, ఇచ్చారు. ఒక్కరేనా అని అడిగారు, అవునన్నాను, అంతే, ఇంకేమీ అడగలేదు. మొదటి రాత్రి అలవాటు కొద్దీ ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి లేచి కూర్చున్నాను, నాన్న పిలిచినట్టనిపించింది. రెండో రోజు మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే మర్నాడు పొద్దున ఏడింటికి మెలకువ వచ్చింది. కాఫీ ఫ్లాస్కులో పోసి ఇవ్వమంటే ఇచ్చారు, వరండాలో కూర్చుని తాగాను. చెట్టు దగ్గరికి వెళ్లాను మాస్టారూ. గాలిబండ దాకా మాత్రం వెళ్లలేదు. వేడినీళ్లు పొద్దున తొమ్మిదింటి దాకే. పచ్చడి సీసా ఇచ్చిన తమ్ముడికి, వాళ్లమ్మకు కృతజ్ఞతలు, నాన్నకు ఈ పూట అన్నంలో అదే కలిపాను.

సీటీఎం_కుర్రాడు
అమ్మకు చదివి వినిపించాను అక్కా. కారం ఎక్కువైందా అని అడుగుతోంది.

ఒంటరి_బాటసారి
మేడమ్, ఆ హోటల్ పేరు నాకు మెసేజ్‌లో పెడతారా? వచ్చే నెల నేనూ వెళ్తాను.