అప్‌డేట్: ఇరానీ హోటల్లో నవల రాయడం గురించి అడిగిన ప్రశ్న

ఇరానీ హోటల్లో నవల రాస్తుంటే పక్క బల్లవారి మాటలు నా వాక్యాల్లోకి చొరబడుతున్నాయని ఇక్కడ అడిగినప్పుడు సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. హెడ్‌ఫోన్లలో వాన చప్పుడు పెట్టుకోమన్న సూచన కొంతవరకే ఉపకరించింది. తెలుగులో రాసేటప్పుడు చెవిన పడే తెలుగు మాట, ఎంత సన్నగా వినిపించినా, ధ్యాసను తెంపుతూనే ఉంది. ఫలితమిచ్చింది పనిని రెండుగా విడగొట్టమన్న సలహాయే: మధ్యాహ్నం రద్దీ తగ్గాక హోటల్లో చిన్న నోటుపుస్తకంలో సంభాషణలు మాత్రమే రాసుకుంటున్నాను, కథనమంతా హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, పోటీ పరీక్షల అభ్యర్థుల నడుమ సాగుతోంది. ఎవరూ తొంగిచూడలేదు కనుక ల్యాప్‌టాప్ తెరకు ప్రైవసీ ఫిల్మ్ (పక్కవారికి తెర కనబడకుండా అంటించే పొర) అవసరమే పడలేదు. మధ్యమధ్య ఉస్మానియా బిస్కెట్లు తెప్పించుకుంటుండడంతో, బల్ల తుడిచే నెపంతో వెయిటరు నన్ను లేపడం కూడా ఆగింది.