బాస్కెట్‌బాల్ త్రో-ఇన్‌లో (గీత బయట నుంచి బంతి లోపలికి వేసేటప్పుడు) రిఫరీ వేలు చూపిస్తే అర్థం ఏంటి?

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ కోర్టు, నిన్నటి మ్యాచ్. సైడ్‌లైన్ దగ్గర రిఫరీ నేలకేసి వేలు చూపించి "ఇల్లి" అని బంతి చేతిలో పెట్టాడు. నా కన్నడం అంతంతమాత్రం. మూడంగలు పక్కకి జరిగానో లేదో విజిల్! అంతకుముందు బాస్కెట్ పడ్డాక ఎండ్‌లైన్ (బాస్కెట్ వెనకున్న గీత) వెంట పరిగెత్తితే ఏమీ అనలేదే?

జవాబు: బాస్కెట్ పడ్డాక ఆ గీత వెనక ఎటైనా తిరగొచ్చు, అన్నా. "ఇల్లి" అంటే ఇక్కడ. వేలు చూపిస్తే అదే చోటు నుంచి వెయ్యాలి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్లో పక్కకి మొత్తం 1 మీటరే. వెనక్కి చోటున్నంత పో. 5 సెకన్లలో వదిలెయ్.

ఇంకొకరు: నాలుగో క్వార్టర్ ఆఖరి 2 నిమిషాల్లో బంతి ఇచ్చేముందు గీత వెంబడి చెయ్యి ఊపుతాడు చూడు, అది నీక్కాదు. ఎదురుగా ఉన్న డిఫెండర్‌కి. గీత దాటి చెయ్యి పెట్టాడా, టెక్నికల్ ఫౌలే (ఒళ్లు తగలకపోయినా ఇచ్చే ఫౌల్).

అడిగినవాడు: వెనక్కా? వెనక స్కూటర్ల స్టాండ్ ఉంది బాబూ.