డేటింగ్ యాప్‌ల ఇంటి పరీక్ష కిట్ ప్రకటనలు: నల్లగొండ, పాలమూరుల నడుస్తయా?

నల్లగొండ ఔట్‌రీచ్:
అమెరికాల సీడీసీ (అక్కడి సర్కారు రోగాల నివారణ సంస్థ) 2023 మార్చిల ఒక కార్యక్రమం మొదలువెట్టింది. గ్రైండర్ (మగోళ్లు మగోళ్లను కలిసే డేటింగ్ యాప్) లాంటి యాప్‌ల బటన్ నొక్కితే, ఎవరికి వాళ్లే చూసుకునే హెచ్ఐవీ కిట్లు పైసా లేకుండ ఇంటికి పంపింది. మన దగ్గర గూడ గట్లనే పెట్టాలని నేనంటున్న. దేవరకొండ, గద్వాల అసొంటి ఊర్లల్ల ఐసీటీసీ (హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే కేంద్రం) సర్కారు దవాఖానలనే ఉంటది. ఆ గది ముంగట నిలవడితే తెలిసినోళ్లు ఎవరో ఒకరు కండ్లవడ్తరు. పొద్దుగాల దవాఖాన తెరిచే యాళ్లకే కూలి పని షురూ అయితది. ఆ మనిషే రాత్రి పదకొండింటికి యాప్‌ల ఉంటడు. అక్కడ చెప్తే తప్పేంది?

మిర్యాలగూడ ల్యాబ్:
అన్నా, ప్రకటన సంగతి తర్వాత, ముందు కిట్టు సంగతి చూడు. చాలా ర్యాపిడ్ కిట్ల మీద 2 నుంచి 30 డిగ్రీలల్ల ఉంచాలని రాసి ఉంటది. మే నెలల మన దగ్గర 44 దాటుతది. కొరియర్ వాళ్ల రేకుల షెడ్డుల రెండు రోజులు, బండి మీద ఒక పూట ఎండకు పెడితే ఇంక ఏం మిగుల్తది? కిట్టుల రెండు గీతలుంటయి: టెస్టు నడిచిందని చెప్పేది కంట్రోల్ గీత, రోగం సంగతి చెప్పేది టెస్ట్ గీత. కంట్రోల్ గీత రాకుంటే టెస్టు చెల్లదని అందరికీ తెలుసు. గీత వచ్చినా కిట్టు బాగున్నదని భరోసా లేదు, ద్రవం సరిగ్గ పారిందన్నంతవరకే అది చెప్తది. టెస్ట్ గీత సత్తువ తగ్గితే మసకగ రావాల్సింది అసలే రాదు.

వాడుడుల గూడ తప్పులయితయి. నోటి కిట్టుకు తినుడు, తాగుడు, నములుడు బంద్ జేసి 15 నిమిషాలు ఆగాలె, పేస్టో మౌత్‌వాషో వాడితే 30. అంబర్, జర్దా గూడ నములుడే (మన దగ్గర ఇది విడిగ చెప్పాల్సిందే). కిట్టు పుల్లను పై చిగురు మీద ఒకసారి, కింది చిగురు మీద ఒకసారి రుద్దాలె, చెంప లోపల కాదు. ఆ పుల్లను ద్రవం సీసాల నిలవెట్టినంక 20 నుంచి 40 నిమిషాల లోపల్నే చూడాలె. పొద్దున లేచి చూసుకుంటే ఆ గీతకు లెక్క లేదు.

పాలమూరు వకీలు:
1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఎవరూ ఎత్తలేదేంది? సుఖవ్యాధుల మందులకే కాదు, వాటి నిర్ధారణకు వాడే పదార్థాల ప్రకటనకు కూడా అందులో నిషేధం ఉంది. ప్రభుత్వం ఇచ్చే ప్రకటనకూ, ప్రభుత్వ అనుమతి తీసుకున్నదానికీ మినహాయింపు. అంటే ప్రైవేట్ ల్యాబ్ సొంతంగా యాప్‌లో బ్యానర్ వేసుకుంటే చిక్కే. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం పరీక్షకు ముందూ తర్వాతా కౌన్సెలింగ్ ఉండాలి. డబ్బాలో పెట్టిన కాగితం కౌన్సెలింగ్ కాదు.

సురక్ష క్లినిక్ (సర్కారు సుఖవ్యాధుల క్లినిక్) కౌన్సెలర్:
నాకు అన్నిటికంటె భయం తేదీల గురించే. యాప్‌ల కిట్టు అడిగెటోడు ఎక్కువగ మొన్న శనివారం సంగతికి బుగులుపడి అడుగుతడు. ఈ కిట్లు చూసేది యాంటీబాడీలను, అంటే వైరస్ మీద ఒంట్ల తయారయ్యేటివి; పక్కా చెప్పాల్నంటే ఆ సంగతి అయినంక 90 రోజులు కావాలె. పదో రోజు నెగెటివ్ చూసుకొని నిమ్మళంగ పండుకుంటడు. అసలు 72 గంటల లోపల దవాఖానకు వస్తే పెప్ మందులు (హెచ్ఐవీ అంటకుండ ఆపేటివి) 28 రోజులు వాడొచ్చు. ఆ టైం కొరియర్ కోసం చూసుట్లనే పోతది. ఆర్డర్ ఫారంల మొదటి ప్రశ్న "ఎన్ని రోజులయింది?" అని ఉండాలె. మూడు రోజుల లోపలంటే కిట్టు పంపొద్దు, దవాఖాన దారి చూపాలె. ఏఆర్‌టీ (హెచ్ఐవీని అణచే) మందులు వాడెటోళ్లకు గూడ ఈ కిట్టు వద్దు, తప్పుడు నెగెటివ్ రావొచ్చు.

అన్ని సుఖవ్యాధుల టెస్టులు కలిపి "ఫుల్ ప్యాకేజీ" అని అమ్మేటివి ఇంకో తలనొప్పి. గనేరియా, క్లామిడియాకు మూత్రం గంటసేపు ఆపి మొదటి ధార 20-30 మిల్లీలీటర్లు పట్టాలె. అందరు నడుమ ధార పడ్తరు, వేరే మూత్రం టెస్టుల అలవాటు! గొంతులనో మలద్వారంలనో ఉన్న గనేరియా మూత్రంల దొరకది. గ్రైండర్ వాడెటోళ్లకు ఆ తావుల్ల పుల్లతోని తీసే స్వాబ్‌లే ముఖ్యం. సిఫిలిస్ ర్యాపిడ్ కిట్టు మందు వాడి తగ్గినోళ్లకు గూడ ఏండ్ల తర్వాత పాజిటివే చూపుతది, ఇప్పుడున్నదా లేదా తేల్చాల్నంటే ఆర్‌పీఆర్ టైటర్ (రోగం ఇప్పుడెంత చురుగ్గున్నదో అంకెల చెప్పే రక్త పరీక్ష) చెయ్యాలె.

నల్లగొండ ఔట్‌రీచ్:
ఫారం మాట ఒప్పుకుంటున్న. ఎండ మాట గూడ. అయితే కొరియర్ తీసేద్దాం. యాప్‌ల కోడ్ ఇద్దాం, కిట్టు ఔట్‌రీచ్ వర్కర్ దగ్గర తీసుకుంటరు. ప్రకటన ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పేరు మీదనే వెయ్యాలె, వకీలు సాబ్ అడ్డు తొలుగుతది.

మిర్యాలగూడ ల్యాబ్:
కోడ్ ఎవరి దగ్గర జమయితది? గ్రైండర్ వాడెటోళ్ల హెచ్ఐవీ వివరాలు బయటి రెండు కంపెనీలకు అందినట్టు 2018ల బయటపడ్డది. బటన్ నొక్కినట్టు గూడ యాప్‌కు తెల్వొద్దు. లింకు బయటి పేజీకి పోవాలె, ఆ పేజీల ఫోన్ నంబర్ అడగొద్దు.

సురక్ష క్లినిక్ కౌన్సెలర్:
డబ్బా మీద పెద్ద అక్షరాలతోని రెండు ముక్కలు అచ్చెయ్యండి. రియాక్టివ్ (టెస్ట్ గీత వచ్చుడు) అంటే పాజిటివ్ కాదు, ఐసీటీసీల మూడు వేర్వేరు కిట్లతోని చూసినంకనే ఖాయం చేస్తరు. రెండోది 1097, హెచ్ఐవీ సలహాకు ఉచిత నంబర్. ఇగ సూర్యాపేట హైవే లారీ డ్రైవర్ల సంగతేంది, ఆడోళ్ల సంగతేంది? వాళ్లు ఈ యాప్‌లల్ల ఎంతమంది ఉంటరు? యాప్ ఖర్చు చూపి ధాబాల కాడి క్యాంపులు కోస్తమంటే మాత్రం నేను ఒప్పుకోను.