స్టేడియం తుపానుకు దెబ్బతింటే జట్టు ఊళ్లోనే ఉండాలా, పోవచ్చా?

కపిలతీర్థం కుర్రోడు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మనం ఎప్పుడూ చెన్నై మ్యాచ్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి బేస్‌బాల్ సంగతి ఒకటి పెడుతున్నా. ఆట తెలియకపోయినా పర్లేదు, ఊరి సంగతి అందరికీ అర్థమవుతుంది.

2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ తుపాను ఫ్లోరిడా తీరం దాటింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో టాంపా బే రేస్ జట్టు ఆడే ట్రాపికానా ఫీల్డ్ పైకప్పు గాలికి చిరిగి పీలికలైంది. సహాయ సిబ్బంది కోసం లోపల మంచాలు వేసి ఉన్న మైదానం మీద వాన కురిసింది. 2025 సీజన్ మొత్తం ఆ జట్టు బే (అఖాతం) అవతల టాంపాలో, యాంకీస్ జట్టు శిక్షణకు వాడుకునే స్టైన్‌బ్రెనర్ ఫీల్డ్‌లో ఆడింది. అందులో పట్టేది దాదాపు 11,000 మంది. తుపానుకు ముందే 130 కోట్ల డాలర్లతో కొత్త స్టేడియం కట్టాలని ఊరితో, కౌంటీతో (మన జిల్లా లాంటిది) ఒప్పందం కుదిరి ఉంది. 2025 మార్చిలో జట్టు దాన్నుంచి తప్పుకుంది. అదే ఏడాది జట్టు చేతులు మారింది. పాత స్టేడియానికి మళ్లీ కప్పు వేశారు, 2026 నుంచి ఆటలు అక్కడే అన్నారు. కానీ కొత్త యజమానులకు 2029 కల్లా కొత్త స్టేడియం కావాలట. చూపు టాంపా మీద ఉంది.

నా మాట ముందే చెప్పేస్తా. ఉండాలి. దెబ్బతిన్న ఊరిని, ఆ దెబ్బనే సాకుగా చూపించి వదిలిపెట్టడం తప్పు. వెళ్లాలనే కోరిక ఉంటే స్టేడియం అద్దె ఒప్పందం గడువు తీరాక, ఊరు లేచి నిలబడ్డాక, అసలు కారణం చెప్పి వెళ్లాలి. మీరేమంటారు?

మెసానికల్ గ్రౌండ్ (చిత్తూరు)

తమ్ముడూ, నేను ఒప్పుకోను. ఆ జట్టు 2008లో, 2020లో వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ లీగ్ ఫైనల్) దాకా పోయింది. అయినా చూసే జనం లెక్కలో లీగ్‌లో అడుగు వరసలోనే ఉంటా వచ్చింది. తుపాను రాకముందే అక్కడ స్టేడియం నిండేది లేదు. అట్లాంటిది ఇప్పుడు జనం ఇళ్లు కూలిపోయి ఉండంగా, వాళ్లు కట్టిన పన్నులు తీసకపోయి కోటీశ్వరుల జట్టుకు కప్పు వేయించాలా? జట్టంటే యజమానికి వ్యాపారం. వ్యాపారం యాడ జరుగుతుందో ఆడికి పోతాడు. పోనీండి. ఊరికి భారం తగ్గుతుంది.

ఇళ్లు ముందు, కాలువలు ముందు, ఆసుపత్రులు ముందు. ఆట ఆ తర్వాత.

టాంపా తిరుపతోడు

నేను తిరుపతిలో పుట్టి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నా. దగ్గరుండి చూశా కాబట్టి కొన్ని వివరాలు చెప్తా, ఆ తర్వాత మీరే తేల్చండి.

మొదటిది, ఆ స్టేడియం జట్టుది కాదు, ఊరిది. జట్టు అద్దెకుండే మనిషి లాంటిది. గాలికి ఇంటి కప్పు లేచిపోతే వేయించాల్సింది ఇంటి ఓనరే. ఒప్పందంలో కూడా అదే రాసి ఉంది, బాగుచేయించాల్సిన బాధ్యత ఊరిదే అని. 2025లో అక్కడ ఆడలేదు కాబట్టి గడువు 2028 దాకా జరిగింది.

రెండోది, దీనికి ఖర్చు దాదాపు 5.6 కోట్ల డాలర్లు. 2024 మార్చిలోనే ఊరివాళ్లు ఈ స్టేడియం బీమాను 10 కోట్ల డాలర్ల నుంచి 2.5 కోట్లకు తగ్గించుకున్నారు. అందులోనూ మొదటి 2.2 కోట్ల నష్టం ఊరే భరించాలి. ప్రీమియంలో మిగిలింది మూడు లక్షల డాలర్లు కూడా లేదు. తుపానుల సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, గుడ్డ కప్పున్న భవనం! ఈ ఒక్క నిర్ణయం గురించి ఇక్కడ జరగాల్సినంత చర్చ జరగలేదని నాకు ఇప్పటికీ బాధ.

మూడోది, మెసానికల్ అన్న చెప్పిన మాట ఇక్కడ కౌన్సిల్లో కూడా గట్టిగా వినిపించింది. మిల్టన్‌కు పదమూడు రోజుల ముందే హెలీన్ తుపాను వచ్చి వేల ఇళ్లలోకి ఉప్పునీళ్లు చేరాయి. నవంబర్‌లో కప్పు మరమ్మతుకు కౌన్సిల్ ముందు సరేనని ఓటేసి, అదే రోజు మళ్లీ వెనక్కి తీసుకుంది. జనం కప్పుల మీద నీలం పట్టాలు కప్పుకుని బతుకుతుంటే ఆ ఓటు వేయడం ఎంత కష్టమో నేను చూశా.

కాళహస్తి టీచరమ్మ

టాంపా తమ్ముడికి ధన్యవాదాలు. మెసానికల్ గారూ, జనం రాలేదు కాబట్టి పోనివ్వండి అన్నారు. న్యూ ఆర్లీన్స్ సంగతి చూడండి.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. వేలమంది తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియం కప్పే చిరిగింది. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సెయింట్స్ ఆ సీజన్‌లో 'సొంత' మ్యాచ్‌లు ఒకటి న్యూయార్క్ జట్టు మైదానంలో, మిగతావి శాన్ ఆంటోనియోలో, బేటన్ రూజ్‌లో ఆడింది. పదహారు ఆటల్లో మూడే గెలిచింది. యజమాని శాన్ ఆంటోనియోకు మారిపోతాడేమో అని ఊరంతా భయపడింది. లీగ్ కమిషనర్ పట్టుబట్టాడు, జట్టు ఉండిపోయింది. 2006 సెప్టెంబర్ 25న సూపర్‌డోమ్‌లో మళ్లీ ఆడి అట్లాంటాను 23-3తో ఓడించింది. నాకు ముఖ్యమనిపించే సంగతి వేరే ఉంది. ఆ ఏడాది సీజన్ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ జట్టు చరిత్రలోనే అది మొదటిసారి. తుపానుకు ముందు ఎన్నడూ కొనని జనం, సగం ఊరు ఖాళీగా ఉన్నప్పుడు కొన్నారు! మూడేళ్ల తర్వాతి సీజన్‌లో ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా గెలిచారు.

జనం తక్కువని రాసిపెట్టుకున్న లెక్క, ఊరు కష్టంలో ఉన్నప్పుడు పనికిరాదు. కష్టంలో ఆ జట్టు తమ ఊరి పేరు వేసుకుని ఆడుతుంటే మనుషులకు ఏమవుతుందో ముందుగా ఎవరూ లెక్క కట్టలేరు.

దగ్గరలో శ్రీలంకలోని గాలే ఉంది కదా. 2004 డిసెంబర్ 26న సునామీ ఆ మైదానాన్ని తుడిచిపెట్టేసింది. కోట పక్కన, సముద్రానికి ఆనుకుని ఉన్న చోటే మళ్లీ కట్టారు. 2007 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌తో టెస్ట్ ఆడితే జయవర్ధనే 213 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. 2010లో మురళీధరన్ తన 800వ వికెట్ తీసిందీ ఆ నేల మీదే. అవుటైంది మన హైదరాబాద్‌కు ఆడిన ఓఝా. ఆ రోజు మురళీ కుటుంబంతో పాటు గాలే జనం కళ్లలో ఏముందో టీవీలో చూసినవాళ్లకు తెలుసు.

పుత్తూరు పేసర్

మేడమ్, మీ మాట మీద గౌరవం ఉంది కానీ ఒక తేడా చెప్పాల. ఆ ఫుట్‌బాల్‌లో అప్పుడు సీజన్‌కు సొంత మ్యాచ్‌లు ఎనిమిది. ఐపీఎల్‌లో ఏడు. బేస్‌బాల్‌లో ఎనభై ఒకటి! ఏడు మ్యాచ్‌లు ఎక్కడైనా ఆడుకోవచ్చు. 2018లో కావేరి గొడవ వల్ల చెన్నై జట్టు పుణెకు పోలేదా? అభిమానుల కోసం ఏకంగా రైలు వేసినారు. కప్పు గెల్చుకుని 2019లో చేపాక్‌కు తిరిగొచ్చినారు. మనవాళ్లు ఈడ నుంచి పుణె దాకా పోవడం కష్టమైనా ఓర్చుకున్నారంటే ఒక్క సీజనే కాబట్టి. ఎనభై ఒక్క మ్యాచ్‌లకు ప్రతి రోజూ బే దాటి పోయి రావాలంటే పనిచేసుకునే మనిషి వల్ల అయ్యే పని కాదు. కాబట్టి దూరం చిన్నదని చెప్పి "టాంపాకు మారితే ఏముంది" అంటే ఒప్పుకోను. తిరుపతిలో ఉండే జట్టు కాళహస్తికి పోయినంత దూరమే కావచ్చు. అయినా పనిదినం సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఎంతమంది పోతారు?

ఇంకో సంగతి. ఆడ కప్పు లేకుండా ఆడినప్పుడు వేసవి వానలకు భయపడి సొంత మ్యాచ్‌లు ఎక్కువ ఏప్రిల్, మే నెలల్లోకి జరిపినారు. ఆటగాళ్లకు తిరుగుడు, జనానికి ఎండ. ఇదంతా ఒక్క ఏడాదికి సరే. అందుకే నేనేమంటానంటే, త్వరగా బాగుచేయాల, త్వరగా తిరిగిరావాల. మధ్యలో నాన్చుడు ఉంటేనే జట్టు జారిపోతుంది.

మన వైజాగ్ చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్. రెండు రోజుల తర్వాత వెస్టిండీస్‌తో జరగాల్సిన వన్డే రద్దయింది. ఆర్నెల్లకే, 2015 ఏప్రిల్‌లో, సన్‌రైజర్స్ ఆడికొచ్చి మూడు మ్యాచ్‌లు ఆడింది. 2016లో న్యూజిలాండ్‌తో వన్డే, ఇంగ్లండ్‌తో వైజాగ్ మొట్టమొదటి టెస్ట్. అప్పుడు "తుపాను ఊరు, వద్దు" అని బోర్డు పక్కన పెట్టేసి ఉంటే 2024, 2025ల్లో ఢిల్లీ జట్టు కూడా ఆడ సొంత మ్యాచ్‌లు ఆడేదా?

ఎమ్మార్‌పల్లె ఇంజినీర్

రిటైరైన సివిల్ ఇంజినీర్‌ని. 2021 నవంబర్ వరదల్లో మా వీధి నీళ్లలో ఉంది. ఘాట్ రోడ్లు దెబ్బతిన్నాయి, శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయింది, రాయలచెరువు కట్టకు లీకు పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ వారంలో ఎవరైనా మైదానం బాగుచేద్దాం అంటే నేనే ఎదురుతిరిగేవాణ్ణి. కాబట్టి మెసానికల్ గారి కోపం నాకు బాగా అర్థమవుతుంది. కానీ శ్రీవారి మెట్టు దారి 2022 మేలో తెరిచినప్పుడు ఎవరూ "ఇళ్లు పూర్తిగా కాలేదు కదా" అనలేదు. ఒక ఊరికి ఒకేసారి రెండు పనులు చేసే శక్తి ఉండాలి, లేకపోతే పైవాళ్లు ఆ శక్తిని ఇవ్వాలి. సూపర్‌డోమ్ మరమ్మతులో పెద్ద వాటా కేంద్ర విపత్తు సంస్థ ఫెమా ఇచ్చింది, లీగ్ కూడా కోటిన్నర డాలర్లు వేసింది. రేస్ విషయంలో లీగ్ ఎంత వేసింది అని అడగాలి.

ఇక మీ చర్చలో ఊరు, భవనం రెండూ కలిసిపోతున్నాయి. ఊళ్లో ఉండటం వేరు, అదే భవనంలో ఉండటం వేరు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది చనిపోయారు. అక్కడి స్టేడియం లాంకాస్టర్ పార్క్ కింద నేల పాడైంది. అక్కడ మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు, చివరికి కూల్చేశారు. రగ్బీ జట్టు క్రూసేడర్స్ ఆ సీజన్ సొంత మైదానం లేకుండానే తిరిగింది, ఒక మ్యాచ్ లండన్‌లో ఆడింది, అయినా ఫైనల్‌కు చేరింది. 2012కల్లా అదే ఊళ్లో ఆడింగ్టన్‌లో తాత్కాలిక స్టేడియం లేచింది. క్రికెట్ హాగ్లీ ఓవల్‌కు మారింది. 2015 వరల్డ్ కప్ మొదటి మ్యాచ్ అక్కడే. అంటే జట్టు ఊరిని వదల్లేదు, పనికిరాని భవనాన్ని వదిలింది. ఇంజినీరుగా నేను మెచ్చేది ఇదే.

ట్రాపికానా తెరిచింది 1990లో. ఆ కప్పు గంటకు 115 మైళ్ల గాలి దాకా తట్టుకుంటుందని లెక్క. సముద్రం వేడెక్కుతున్న ఈ రోజుల్లో మళ్లీ అదే రకం కప్పు వేయడం 2028 దాకా గడపడానికే తప్ప శాశ్వతానికి కాదు. కాబట్టి "పాతదే కావాలి" అని పట్టుబట్టొద్దు. ఆ ఊళ్లోనే, గట్టి నేల మీద, గట్టి కప్పు కింద కొత్తది కట్టమని అడగండి.

మెసానికల్ గ్రౌండ్ (చిత్తూరు)

సార్, మీరు చెప్పింది న్యాయంగా ఉంది. కానీ కొత్తది కట్టాలంటే ఎవరి డబ్బు? తమ్ముడు రాసిన 130 కోట్లలో జనం వాటా ఎంత?

టాంపా తిరుపతోడు

ఊరు, కౌంటీ కలిపి 60 కోట్ల డాలర్లు అన్నా. తుపాను తర్వాత కౌంటీ బాండ్ల మీద ఓటు వాయిదా వేసింది. దాంతో ఆలస్యమై ఖర్చు పెరిగింది, ఆ పెరిగింది మేం భరించలేం అని జట్టు తప్పుకుంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ స్టేడియం ఉన్న చోట ఒకప్పుడు గ్యాస్ ప్లాంట్ అనే నల్లజాతి వాళ్ల పేట ఉండేది. ఇళ్లు, చర్చిలు, చిన్న దుకాణాలు. స్టేడియం కోసం ఆ పేటను ఖాళీ చేయించారు. ఉద్యోగాలొస్తాయని చెప్పారు. కొత్త స్టేడియం ఒప్పందంలో ఆ 86 ఎకరాల్లో తక్కువ ధర ఇళ్లు కూడా కట్టాలని ఉంది. జట్టు తప్పుకోవడంతో ఆ ఇళ్ల మాట కూడా గాల్లో కలిసింది. ఇక్కడ పాతతరం వాళ్లతో మాట్లాడితే ఆట సంగతి కన్నా ముందు ఇదే ఎత్తుతారు.

కపిలతీర్థం కుర్రోడు (తిరుపతి)

ఈ పేట సంగతి నాకు తెలియదు అన్నా. ఇది విన్నాక నా మాట ఇంకా గట్టిపడింది. జనాన్ని లేపి ఆ నేల మీద ఇన్నేళ్లు ఆడిన జట్టుకు, పైకప్పు లేచిపోయింది కాబట్టి అవతలికి పోతా అనే హక్కు లేదు. ఇంజినీర్ సార్ చెప్పినట్టు పాత భవనం కోసం పట్టుబట్టను. అదే ఊళ్లో ఎక్కడ కట్టినా సరే. కానీ ఆ 86 ఎకరాల్లో ఇళ్లు మొదలుకాకుండా జట్టు వేరే ఊళ్లో శంకుస్థాపన చేస్తే మాత్రం అది అన్యాయం.

మెసానికల్ గ్రౌండ్ (చిత్తూరు)

ఇక్కడ మాత్రం నీతో ఉంటా తమ్ముడూ, సగమే. ఇళ్లు కట్టాల్సింది ఊరు. జట్టు ఉన్నా కట్టాల, పోయినా కట్టాల. ఆ ఇళ్లను ఒక జట్టు దయకు కట్టేయడమే నాకు నచ్చని పని. 2028 దాకా ఒప్పందం ప్రకారం ఆడనీండి. ఆ తర్వాత ఉంటే తన డబ్బుతో ఉండాల. ఆ 60 కోట్లు పేటవాళ్ల ఇళ్లకు, వరదనీటి కాలువలకు పోవాల. టాంపా తమ్ముడూ, కౌన్సిల్లో ఈసారి దీని మీద ఓటు ఎప్పుడు వస్తే అప్పుడు ఈడ రాయి. ఎవరు ఎటు ఓటేసినారో కూడా రాయి.