అప్‌డేట్: వేడి మీద స్టార్ట్ అవని డీజిల్ కారు – పంపు కాదు, ఇంజెక్టర్

పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకునే కామన్ రైల్ కారు (ఇంజెక్టర్లన్నిటికీ రైల్ అనే ఒకే గొట్టం నుంచి హై ప్రెషర్‌తో డీజిల్ అందే రకం), వేడెక్కి ఆపాక ఎంత తిప్పినా స్టార్ట్ అవట్లేదని, స్కానర్‌లో పీ0087 (రైల్లో ప్రెషర్ తక్కువ అనే కోడ్) చూసి హై ప్రెషర్ పంపు మార్చాలంటున్నారని, విజయవాడలో ఇది తెలిసిన మెకానిక్ ఎక్కడ దొరుకుతారని అడిగాను. సమస్య తీరింది. అందరికీ థ్యాంక్స్. పనికొచ్చింది మాత్రం "ముందు ఇంజెక్టర్ల రిటర్న్ (అవి వెనక్కి వదిలే డీజిల్) చూపించండి" అన్న సలహా.

ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పేవాళ్లకు కొదవ లేదు, డీజిల్ ల్యాబ్ పని (పంపులు, ఇంజెక్టర్ల రిపేరు) వచ్చినవాళ్లే తక్కువ. దొరికినాయన పంపు జోలికి పోలేదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలు తీసి, నాలుగు సన్న సీసాలకు కలిపి, విడిచిన లైను మూతి మూసి, ఇంజిన్ వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో ఉంచారు. మూడింట్లో అడుగున కాస్త డీజిల్, ఒకదాంట్లో సగం పైనే.

వేడికి డీజిల్ పలచబడి, ఆ ఇంజెక్టర్‌లో అరిగిన వాల్వులోంచి వెనక్కి కారిపోతుంది. సెల్ఫ్ మీద పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి రైల్లో ప్రెషర్ నిలవదు. చాలా బండ్లలో అది 200 బార్ దగ్గరికి రాకపోతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవదు.

ఆ ఒక్క ఇంజెక్టర్‌కే వాల్వ్ సెట్, నాజిల్ మార్చి, బెంచి మీద టెస్ట్ చేసి బిగించారు. రాగి వాషర్ కొత్తదే వేయించండి, పాతదైతే కంప్రెషన్ లీకై చుట్టూ నల్లటి తారు పేరుకుంటుంది. ఇంజెక్టర్ మార్చి కొత్తది వేస్తే దాని మీది కోడ్ ఈసీయూలో ఎక్కించాలి.

క్రాంక్ సెన్సర్, బ్యాటరీ, గ్లో ప్లగ్గులు: నా బండి విషయంలో వేటితోనూ సంబంధం లేదు. ఫిల్టర్ మార్చడం దండగ కాదు గానీ దీనికి మందు కాదు.

గుంటూరులో ఇలాంటి మెకానిక్ కోసం వెతుకుతున్నవాళ్లు బండి అప్పగించే ముందే "లీకాఫ్ టెస్ట్ చేస్తారా అన్నా" అని అడగండి (పైన చెప్పిన సీసాల పరీక్షే అది). కోడ్ చూసి నేరుగా పంపు అంటే ఇంకో షాపు చూసుకోండి.